క్యాంపర్ వ్యాన్‌లో గ్యాస్ సిలిండర్: ఏది కొనాలి, ఎక్కడ పెట్టాలి?

విభాగం: బండ్లు, యాత్రలు (తిరుపతి – చిత్తూరు)

తుమ్మలగుంట వ్యాన్

అందరికీ నమస్కారం. పాత ట్రావెలర్ వ్యాన్ ఒకటి కొన్నాను. సీట్లు తీయించి రెండు మంచాలు, ఒక చిన్న వంటగట్టు పెట్టిస్తున్నాను. రేణిగుంట రోడ్డులో ఒక షెడ్డులో పని నడుస్తోంది. బండిలో తిరిగేది నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు, మా అమ్మ. అమ్మ బయటి తిండి ముట్టదు, కాబట్టి వంట తప్పదు. మొదట తలకోన, హార్సిలీ హిల్స్, కాణిపాకం. అలవాటయ్యాక శ్రీశైలం, రామేశ్వరం దాకా పోవాలని ఉంది.

గ్యాస్ దగ్గరే తేలడం లేదు. షెడ్డు మేస్త్రి ఇంటి సిలిండర్ తెచ్చి వంటగట్టు కింద పెట్టేద్దామంటాడు. స్నేహితుడొకడు నెత్తిన బర్నర్ ఉండే చిన్న సిలిండర్ చాలంటాడు. వీడియోల్లో అమెరికా వాళ్ళంతా ప్రొపేన్ ట్యాంకులు చూపిస్తున్నారు. అవి మనకు దొరుకుతాయా? బండి లోపల పిల్లలు పడుకుంటారు కాబట్టి తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

కాళహస్తి కుర్రోడు

అన్నా, చిన్న సిలిండరే బెస్ట్. రెండు మూడు కేజీలది స్టీలు అంగళ్ళలో దొరుకుతుంది, పైన బర్నర్ బిగిస్తే అయిపోయింది. పైపు లేదు, రెగ్యులేటర్ లేదు. మా రూములో చదువుకునే రోజుల్లో అదే వాడినాం. అయిపోతే సందులో నింపిస్తారు, ఏ కనెక్షనూ అక్కర్లేదు.

సురక్ష పైపు

తమ్ముడూ, నువ్వు మంచి మనసుతోనే చెప్పినావు, కానీ ఆ మాట విని ఎవరైనా పిల్లలున్న బండిలో అది పెడితే నేను ఊరుకోలేను. చిత్తూరులో గ్యాస్ ఏజెన్సీ తరఫున ఇళ్ళకు పోయి పొయ్యిలు, పైపులు చూసే పని నాది.

సందులో నింపడం అంటే ఏం చేస్తారో చూశావా? ఇంటి సిలిండర్‌ను తలకిందులుగా నిలబెట్టి, మధ్యలో ఒక పైపు తగిలించి, కింద నీ చిన్న సిలిండర్ పెడతారు. ద్రవం జారి దిగుతుంది. ఎంత దిగిందో చేత్తో ఎత్తి చూసి చెబుతారు. మామూలు సిలిండర్‌ను ప్లాంటులో తూకం వేసి నింపుతారు, పైన ఆవిరికి కొంత జాగా వదులుతారు. ఆ జాగా ఎందుకంటే ఎండకు లోపలి ద్రవం పెరుగుతుంది. అంచుదాకా ద్రవమే ఉంటే పెరగడానికి చోటు ఉండదు, ఒత్తిడంతా గోడ మీదే పడుతుంది. మే నెలలో రేణిగుంటలో మధ్యాహ్నం అద్దాలు మూసి నిలబెట్టిన బండిలోపల చెయ్యి పెట్టి చూడు, ఇనుము కాలుతుంది. అలాంటి బండిలో నిండా కుక్కిన సిలిండర్ పెట్టుకోవడం ఎందుకు?

ఇంకోటి. ఆ చిన్నవాటిలో చాలావాటి మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ముద్రే ఉండదు, ఎప్పుడు పరీక్ష చేశారో గుర్తు ఉండదు. ఒక సిలిండర్ నుంచి ఇంకోదానికి గ్యాస్ దింపడం గ్యాస్ సిలిండర్ల నిబంధనల ప్రకారం నేరం కూడా.

తుమ్మలగుంట సార్, మీకు కావాల్సింది 5 కేజీల సిలిండర్. చమురు కంపెనీలే అమ్ముతాయి: ఇండేన్ వాళ్ళది ఛోటు, హెచ్‌పీ వాళ్ళది అప్పు, భారత్ గ్యాస్ వాళ్ళది మినీ. కొన్ని పెట్రోల్ బంకుల్లో, ఏజెన్సీల్లో, కొన్ని కిరాణా అంగళ్ళలో గుర్తింపు కార్డు చూపిస్తే ఇస్తారు. చిరునామా రుజువు అడగరు. సబ్సిడీ ఉండదు, మార్కెట్ ధరే. అయిపోతే ఖాళీది ఇచ్చి నిండుది తెచ్చుకోవడమే. మీరు రామేశ్వరం పోయినా అదే కంపెనీ అమ్మేచోట మార్చుకోవచ్చు. ప్రయాణాల్లో ఉండేవాళ్ళ కోసమే పెట్టిన పద్ధతి అది.

తుమ్మలగుంట వ్యాన్

చాలా థాంక్స్ సార్. ఇంటి 14.2 కేజీలదే పెడితే మాటిమాటికీ మార్చే పని ఉండదని మేస్త్రి వాదన. అందులో తప్పేముంది?

సురక్ష పైపు

ఇంటి కనెక్షన్ ఆ ఇంటి వంటగదికి ఇచ్చింది. దాన్ని బండిలోకి మార్చడం కుదరదు. చట్టం సంగతి అటుంచండి, బరువు చూడండి. ఖాళీ డబ్బానే 15, 16 కేజీలు, గ్యాస్‌తో కలిపి 30 దాకా అవుతుంది. బండి ఒక్కసారి గట్టిగా బ్రేకు కొడితే ఆ 30 కేజీలు ముందు కూర్చున్నవాళ్ళ నడుం మీదికి వస్తాయి. మీ వంటకు అంత గ్యాస్ అక్కర్లేదు కూడా. చిన్న బర్నర్ పూర్తి మంటలో గంటకు 150 గ్రాముల చుట్టుపక్కల తాగుతుంది. 5 కేజీలంటే ముప్పై గంటల మంట. రోజుకు రెండు గంటలు వండినా రెండు వారాలు వస్తుంది.

మొగిలి ఘాట్

సార్ చెప్పింది నిజం. నేను శానా ఏండ్లుగా యాత్ర బండ్లు తోల్తా ఉండా. చిత్తూరు నుంచి పలమనేరు పోయేటప్పుడు మొగిలి ఘాటులోనో, మదనపల్లి దారిలో భాకరాపేట ఘాటులోనో మలుపు తిప్పినప్పుడు, వెనకాల కట్టని సామానంతా ఈ పక్క నుంచి ఆ పక్కకి పోతాది. గిన్నెలు పోతే ఏం కాదు, సిలిండర్ పడుకునిందంటే కష్టం. నిలబెట్టే పోవాల, రెండు చోట్ల బెల్టు వేసి కట్టాల. పైన ఒకటి, నడుముకి ఒకటి.

ఇంకో మాట. యాత్రోళ్ళు శానామంది రాత్రిపూట పెట్రోల్ బంకు పక్కన బండి ఆపుకుంటారు, నీళ్ళు ఉంటాయి, లైట్లు ఉంటాయి అని. ఆపుకోండి, తప్పులేదు. ఆడ పొయ్యి మాత్రం ముట్టించొద్దండి. నేను బంకు గోడ పక్కనే ఉప్మా చేస్తా ఉండేవాళ్ళను చూసి దిగి చెప్పి పంపించినా.

కుప్పం టు కాలిఫోర్నియా

నాది కుప్పం, ఇప్పుడు ఉండేది అమెరికాలో. ఇక్కడ క్యాంపర్ వ్యాన్ వాడతాం కాబట్టి ఇక్కడి సంగతి చెబుతాను.

ఇక్కడ అందరూ వాడేది 20 పౌండ్ల ప్రొపేన్ ట్యాంకు, మన లెక్కలో 9 కేజీలు. పెరట్లో మాంసం కాల్చుకునే పొయ్యికి వాడేది అదే. 80 శాతానికి మించి నిండకుండా వాల్వులోనే ఒక తేలుడు ఏర్పాటు ఉంటుంది. చిన్న ప్రయాణాలకు ఒక పౌండు ఆకుపచ్చ డబ్బాలు కూడా ఉంటాయి. అవి ఒక్కసారి వాడేసేవి.

ఇక్కడ ప్రొపేనే ఎందుకంటే చలి. ప్రొపేన్ సున్నాకు 42 డిగ్రీలు దిగువన కూడా ఆవిరి అవుతుంది. బ్యూటేన్ సున్నా దగ్గరే మొరాయిస్తుంది. మంచు కురిసేచోట బ్యూటేన్ పెట్టుకుంటే పొద్దున కాఫీ ఉండదు. మన వంటగ్యాస్‌లో రెండూ కలిసి ఉంటాయి. తిరుపతిలో ఆ చలి లేదు, హార్సిలీ హిల్స్‌లో డిసెంబరులో కూడా మన గ్యాస్ మండుతుంది. కాబట్టి ప్రొపేన్ ట్యాంకు కోసం వెతకక్కర్లేదు.

వీళ్ళ దగ్గర మనం నేర్చుకోవాల్సింది ట్యాంకు పెట్టే చోటు. వంటగట్టు కింద ఎవరూ పెట్టరు. బండి బయటి నుంచి తలుపు తెరిచే ఒక పెట్టె ఉంటుంది. లోపలి గదికి, దానికి మధ్య చీమ దూరే సందు కూడా ఉండకూడదు. ఆ పెట్టె అడుగున నేల వైపు కంతలు ఉంటాయి. లీకైతే గ్యాస్ కిందికి జారి రోడ్డు మీదికి పోతుంది, మనుషులున్న చోటికి రాదు. ఇంత చేసినా కొన్ని సొరంగాల్లోకి ప్రొపేన్‌తో రానివ్వరు. బాల్టిమోర్ సొరంగాల దగ్గర ఆ నియమం ఉంది, చుట్టు తిరిగి పోవాలి.

అగ్నిమాపకం (విశ్రాంత)

పైన రాసిన పెట్టె సంగతి ఈ చర్చలో అన్నిటికంటే ముఖ్యమైనది. ఎందుకో లెక్కతో చెబుతాను.

వంటగ్యాస్ గాలి కంటే బరువు. ప్రొపేన్ ఒకటిన్నర రెట్లు, బ్యూటేన్ రెండు రెట్లు. లీకైన గ్యాస్ పైకి పోదు, నీళ్ళలా నేల మీద పరుచుకుంటుంది. గాలిలో సుమారు 2 శాతం గ్యాస్ కలిస్తే నిప్పు అందుకుంటుంది. ట్రావెలర్ లోపలి చోటు సుమారు 10 ఘనపు మీటర్లు అనుకుందాం. అందులో 2 శాతమంటే 200 లీటర్ల గ్యాస్, అంటే 400 గ్రాముల ద్రవం. మీ 5 కేజీల సిలిండర్‌లో పన్నెండో వంతు. అది కూడా గది అంతటా సమంగా కలిస్తే. నిజానికి గ్యాస్ కిందనే ఉంటుంది కాబట్టి అంతకన్నా చాలా తక్కువతోనే మంచం కింది గాలి ప్రమాదకరంగా మారుతుంది. మీ పిల్లలు పడుకునేది ఆ ఎత్తులోనే.

ఇంట్లో వంటగదికి కిటికీ, గుమ్మం కింద సందు, పక్క గది ఉంటాయి. బండిలో అవేవీ లేవు. దానికి తోడు బండి నిండా నిప్పురవ్వ పుట్టించే వస్తువులే: ఫ్రిజ్ కంప్రెసర్, ఇన్వర్టర్, లైట్ల స్విచ్చులు, స్టార్టర్ మోటారు.

2023 ఆగస్టు 26న మదురైలో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. లక్నో నుంచి యాత్రకు వచ్చిన ప్రత్యేక రైలు పెట్టె యార్డులో నిలిపి ఉంది. లోపల చాటుగా తెచ్చుకున్న సిలిండర్‌తో పొయ్యి వెలిగించారు. తొమ్మిది మంది చనిపోయారు. వాళ్ళు కూడా తీర్థయాత్రకే బయలుదేరిన కుటుంబాలు.

నేను భయపెట్టడానికి రాయడం లేదు. సిలిండర్ బండిలో ఉండవచ్చు. మనుషులున్న గదిలో ఉండకూడదు. మీరు ఆ ఒక్క విషయంలో మేస్త్రి మాట వినకండి.

బ్యాటరీ బాబు

ఇంత గొడవ ఎందుకు సార్? సోలార్ ప్యానెల్, లిథియం బ్యాటరీ, ఇండక్షన్ పెట్టేయండి. మంట లేదు, వాసన లేదు, సిలిండర్ లేదు.

తుమ్మలగుంట వ్యాన్

బాబు గారూ, అదీ ఆలోచించాను. ఎంత బ్యాటరీ కావాలి?

బ్యాటరీ బాబు

నిజాయతీగా లెక్క చెబుతాను. 12 వోల్టుల 200 ఆంపియర్ అవర్ లిథియం బ్యాటరీలో సుమారు రెండున్నర యూనిట్ల కరెంటు ఉంటుంది. ఇన్వర్టర్‌లో కొంత, ఇండక్షన్‌లో కొంత పోతే గిన్నెకు చేరేది దగ్గరదగ్గర రెండు యూనిట్లు. కేజీ గ్యాస్‌లో పన్నెండున్నర యూనిట్లకు పైనే శక్తి ఉంది. పొయ్యి మీద 60 శాతం గిన్నెకు చేరినా ఏడున్నర యూనిట్లు. అంటే అంత ఖరీదైన బ్యాటరీ ఒక నిండు ఛార్జి, పావు కేజీ గ్యాస్‌తో సమానం.

ఐదుగురికి రెండు పూటల అన్నం, పప్పు, పులుసు అంటే ఆ ఒక్క బ్యాటరీ చాలదు. వానాకాలంలో ప్యానెల్ కూడా పూర్తిగా నింపదు. కాబట్టి నా సలహా కొంచెం మార్చుకుంటున్నాను. కాఫీ, పాలు, పిల్లల నూడుల్స్, రాత్రిపూట వేడినీళ్ళు చిన్న ఎలక్ట్రిక్ కెటిల్‌తో కానివ్వండి. పెద్ద వంట గ్యాస్ మీద చేయండి. రాత్రి బండి తలుపులు మూశాక మంట అనేదే ఉండకూడదు. ఆ ఒక్క పనికైనా కరెంటు పెట్టుకోవాలి.

అవ్వ వంటిల్లు

నాయనా, నేను అరవై దాటిన మనిషిని. మా వీధివాళ్ళతో బస్సు యాత్రలకు పోయినప్పుడు వంట నాదే. మీ లెక్కలు నాకు తెలియవు గానీ గ్యాస్ ఎట్లా మిగిల్చాలో తెలుసు.

పప్పు, బియ్యం పొద్దున బయలుదేరేటప్పుడే నానబెట్టు. దారిలో అవి నానుతా ఉంటాయి. కుక్కర్‌లో కింద పప్పు, పైన గిన్నెలో అన్నం ఒకేసారి. రెండు కూతలు రాగానే మంట తీసేసి, కుక్కర్‌ను పాత దుప్పటిలో చుట్టిపెట్టు. మిగతా ఉడుకు అదే అవుతుంది. పులిహోర గుజ్జు, కరివేపాకు పొడి, వేయించిన ఉప్మా రవ్వ, ఉలవచారు ముద్ద ఇంట్లోనే చేసుకుని పో. మీ అమ్మగారికి మడి పట్టింపు ఉంటే ఆమె గిన్నెలు వేరే సంచిలో పెట్టు. రాగిసంగటి మాత్రం బండిలో వద్దు నాయనా, కెలకడానికి బలంగా నిలబడే చోటు కావాలి. బయట పొయ్యి నేల మీద గట్టిగా ఉంటే చేసుకోవచ్చు.

పొయ్యి ఎప్పుడూ బయటే పెట్టు. బండి లోపల పోపు వేస్తే ఆ మిరపకాయ ఘాటు పరుపులకు పట్టి మూడు రోజులు పోదు. గ్యాస్ భయం లేకపోయినా ఈ ఒక్కదానికోసమైనా బయటే వండాలి.

రేకుల పని (రేణిగుంట)

అవ్వగారు చెప్పింది మా షెడ్డులో ప్రతి కస్టమర్‌కి చెబుతున్నాం. నేను బాడీ పని చేస్తాను. సార్, మీ బండి మా దగ్గరకు రాలేదు కానీ కొలతలు చెబుతాను, మీ మేస్త్రికి చూపించండి.

వెనక తలుపు ఎడమ పక్కన, చక్రం వెనక ఖాళీ ఉంటుంది. అక్కడ రేకు పెట్టె కట్టించండి. తలుపు బయటికే తెరుచుకోవాలి. లోపలి గోడ అతుకులన్నీ నిండుగా వెల్డింగ్ చేసి, పైన సీలెంట్ పూయాలి, ఊరికే చుక్కలు పెట్టి వదలకూడదు. అడుగున కంతలు. యూరప్ ప్రమాణంలో పెట్టె నేల విస్తీర్ణంలో 2 శాతం, తక్కువలో తక్కువ 100 చదరపు సెంటీమీటర్లు అని ఉంది. అంటే మన అరచేతి వెడల్పు కంత. దానికి ఇనుప జాలీ వేయండి, బురద, ఎలుకలు రాకుండా. ఆ కంత కిందే సైలెన్సర్ గొట్టం పోకుండా చూసుకోవాలి. ఇది చాలామంది మరిచిపోతారు.

పెట్టెలో సిలిండర్ తప్ప ఇంకేమీ పెట్టొద్దు. బ్యాటరీ అసలే వద్దు, జాకీ, స్పానర్లు కూడా వద్దు.

ఆర్సీ సంగతి కూడా చూసుకోండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. సీట్లు తీసి మంచాలు పెట్టడం కూడా మార్పే. కారవాన్లకు ఏఐఎస్ 124 అనే ప్రమాణం వేరుగా ఉంది. ఆర్టీవో ఆఫీసులో అడిగి, ఆర్సీలో ఎక్కించుకుని, బీమా కంపెనీకి కాగితం ఇవ్వండి. లేకపోతే ప్రమాదం జరిగిన రోజు క్లెయిమ్ దగ్గర మీదే తప్పు అంటారు.

తుమ్మలగుంట వ్యాన్

పెట్టె నుంచి లోపలి వంటగట్టుకి పైపు ఎలా తేవాలి? రబ్బరు పైపు గోడలోంచి దూర్చేస్తే సరిపోతుందా?

సురక్ష పైపు

వద్దు సార్. రబ్బరు పైపు గోడలోంచి, చెక్కలోంచి, కంటికి కనపడని చోటనుంచి పోకూడదు. బండి అదురుకు అక్కడే ఒరుసుకుని తెగుతుంది. లోపలికి తేవాలంటే రాగి గొట్టం వేసి, అడుగడుగునా క్లిప్పులు బిగించి, రేకు దాటే చోట రబ్బరు వాషర్ పెట్టి, రెండు చివర్లా మాత్రమే చిన్న సురక్ష పైపు (గ్యాస్ పొయ్యికి వాడే నారింజ రంగు రబ్బరు పైపు). ఆ పని తెలిసినవాడితో చేయించి ఒత్తిడి పెట్టి పరీక్ష చేయించాలి. అతుకు ఎన్ని ఉంటే లీకుకు అన్ని దారులు.

నన్ను అడిగితే లోపలికి గొట్టమే వద్దు. మన తిరుపతి వాతావరణంలో ఏడాదిలో ఎక్కువ రోజులు బయట వండుకోవచ్చు. వానకు ఒక గుడారం గుడ్డ కట్టుకుంటే చాలు. పెట్టె తలుపు తెరిచి, మీటరున్నర సురక్ష పైపు, మడత బల్ల మీద రెండు బర్నర్ల పొయ్యి. వంట అయ్యాక రెగ్యులేటర్ ఆపి, ఊడదీసి, సిలిండర్ నోటికి ప్లాస్టిక్ మూత పెట్టి, తలుపు వేసేయండి. బండి కదిలేటప్పుడు రెగ్యులేటర్ సిలిండర్ మీద ఉండకూడదు.

పైపు ఐఎస్ఐ ముద్ర ఉన్న నారింజ రంగు సురక్షే తీసుకోండి. ఐదేళ్ళకు మార్చాలి. బండిలో ఎండకు, దుమ్ముకు ఉంటుంది కాబట్టి నేనైతే ముందే మారుస్తాను. రెగ్యులేటర్ సిలిండర్ ఇచ్చినవాళ్ళ దగ్గరే తీసుకోండి. టీ బంకుల్లో వాడే హై ప్రెషర్ రెగ్యులేటర్ ఇంటి పొయ్యికి తగిలించవద్దు.

కాళహస్తి కుర్రోడు

సార్, నింపే పద్ధతి చదివాక సందు సిలిండర్ మాట వదిలేశాను. మరి ఆ పొడుగు డబ్బాలు ఉంటాయి కదా, బ్యూటేన్ క్యాసెట్ పొయ్యివి? ఆన్‌లైన్లో దొరుకుతున్నాయి. అవి ఒకసారి వాడి పారేసేవే, నింపే పని లేదు.

అగ్నిమాపకం (విశ్రాంత)

ఒకటి రెండు రోజుల ప్రయాణానికి, బయట వండుకుంటే, అవి సరే. రెండు జాగ్రత్తలు. 50 డిగ్రీల వేడి దాటకూడదని డబ్బా మీదే రాసి ఉంటుంది. ఎండాకాలం మన దగ్గర మూసిన బండి డాష్‌బోర్డు మీద ఆ వేడి సులువుగా దాటుతుంది. అందుకని అవీ ఆ బయటి పెట్టెలోనే ఉండాలి, పెట్టె ఎండ పడని పక్క ఉండాలి. రెండోది, ఆ పొయ్యి మీద వెడల్పాటి పెనం, పెద్ద కుక్కర్ పెట్టవద్దు. పెనం వేడి పక్కనున్న డబ్బా మీదికి తిరిగి కొడుతుంది. ఐదుగురి వంటకు అది పనికిరాదు.

ఇక వాసన వస్తే ఏం చేయాలో. గ్యాస్‌కు సొంత వాసన లేదు, మనం పసిగట్టాలని ఇథైల్ మెర్కాప్టాన్ కలుపుతారు. ఆ కుళ్ళు వాసన తగిలితే బండిలో ఏ స్విచ్చూ ముట్టుకోవద్దు, వేయనూ వద్దు, ఆర్పనూ వద్దు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ కూడా వద్దు. తాళం తిప్పొద్దు. తలుపులన్నీ తెరిచి, అందరినీ గాలి వచ్చే వైపుకు దూరంగా పంపి, రెగ్యులేటర్ ఆపి మూత పెట్టండి. ఫోను కూడా దూరం వెళ్ళాకే తీయండి. గ్యాస్ లీకుకు 1906, మంటకు 101.

లీకు వెతకడానికి సబ్బు నీళ్ళే. అగ్గిపుల్ల గీసి చూసేవాళ్ళు ఇంకా ఉన్నారు.

గ్యాస్ అలారం పెట్టండి, 12 వోల్టులది. దాన్ని నేల నుంచి ఒక జానెడు ఎత్తులో బిగించాలి, పైకప్పుకు బిగిస్తే దానికి గ్యాస్ అందేసరికి ఆలస్యమైపోతుంది. కార్బన్ మోనాక్సైడ్ అలారం వేరు, అది పడుకునేవాళ్ళ తలల ఎత్తులో. హార్సిలీ హిల్స్ చలికి రాత్రి పొయ్యి వెలిగించి తలుపులు మూసుకుని పడుకోవాలనిపిస్తుంది. దయచేసి ఎప్పుడూ చేయకండి. ఆ విషవాయువుకు రంగు లేదు, వాసన లేదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. చలికి రెండు దుప్పట్లు ఎక్కువ తీసుకుపోండి.

పొడి రసాయనం మంటలార్పే సిలిండర్ ఒకటి తలుపు దగ్గర, చేతికి అందేలా ఉండాలి. పొయ్యి వెనక పెడితే మంట దాటి తీసుకోవాల్సి వస్తుంది.

మొగిలి ఘాట్

ఇంకో సంగతి అడగాల. కొందరు గ్యాస్ అయిపోయే ముందర సిలిండర్ని పడుకోబెట్టి, ఊపి, చివరి చుక్క దాకా వాడతారు. ఊటీ మాదిరి చలి ఊళ్ళలో మంట తగ్గితే డబ్బాకి వేడినీళ్ళు పోస్తారు. ఇది మంచిదా సార్?

సురక్ష పైపు

రెండూ చేయకూడదన్నా. పడుకోబెడితే ఆవిరి బదులు ద్రవం రెగ్యులేటర్‌లోకి వస్తుంది. ద్రవం ఆవిరైతే సుమారు 250 రెట్లు పెరుగుతుంది, పొయ్యి దగ్గర మంట ఒక్కసారిగా ఎగిసిపడుతుంది. చలిలో మంట తగ్గడం ఎందుకంటే, గ్యాస్ ఆవిరయ్యేటప్పుడు డబ్బా తనంతట తానే చల్లబడుతుంది. చిన్న డబ్బా నుంచి రెండు బర్నర్లకు ఒకేసారి లాగితే ఇంకా చల్లబడుతుంది. ఒక బర్నర్ ఆపి కాసేపు ఆగితే అదే తేరుకుంటుంది.

ఎంత మిగిలిందో తెలుసుకోవడానికి వేలాడే తూకం ఒకటి ఉంచుకోండి. ఖాళీ బరువు సిలిండర్ మీదే రాసి ఉంటుంది, తీసివేస్తే తెలిసిపోతుంది. గాజునారతో చేసే కాంపోజిట్ సిలిండర్ మీ ఏజెన్సీలో ఉంటే అడగండి. బరువు తక్కువ, తుప్పు పట్టదు, వెలుతురులో లోపలి మట్టం బయటికి కనిపిస్తుంది. బండికి అది బాగా నప్పుతుంది.

తలకోన దారి

ఎవరూ అడవి సంగతి రాయలేదు, అందుకే రాస్తున్నాను. తలకోన శ్రీవేంకటేశ్వర జాతీయ వనంలో ఉంది. నాగలాపురం వైపు జలపాతాలు, కల్యాణి డ్యామ్ పైభాగం, ఇవన్నీ అడవే. రిజర్వు అడవిలో నిప్పు రాజేయడం నేరం. గ్యాస్ పొయ్యి అయినా నిప్పే. 2014 మార్చిలో శేషాచలం అడవి తగలబడినప్పుడు ఆర్పడానికి వైమానిక దళం హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. జనవరి నుంచి జూన్ దాకా గడ్డి ఎండి ఉంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. తలకోనకు పోతే చెక్‌పోస్టు దగ్గరే సిబ్బందిని అడిగి, వాళ్ళు చూపించిన చోటే వండుకోండి. వద్దంటే ఇంటి నుంచి తెచ్చిన పులిహోర తినండి.

తిరుమలకు ఆ బండిలో పోయే ఆలోచన ఉంటే సిలిండర్ కిందే వదిలి వెళ్ళండి. అలిపిరిలో ఎలాగూ తనిఖీ ఉంటుంది. కొండమీద వెంగమాంబ అన్నప్రసాద భవనంలో అమ్మగారు నిశ్చింతగా భోజనం చేయవచ్చు, అది స్వామివారి ప్రసాదమే కదా.

తుమ్మలగుంట వ్యాన్

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. రాత్రి ఇదంతా అమ్మకు చదివి వినిపించాను. అన్నప్రసాదం అయితే సరేనంది. అవ్వగారి ఉలవచారు ముద్ద ఎలా చేయాలో అడగమంది.

మేస్త్రికి చెప్పేశాను: వంటగట్టు కింద సిలిండర్ లేదు, అక్కడ నీళ్ళ డబ్బా వస్తుంది. వెనక ఎడమ పక్క రేకు పెట్టె, అడుగున జాలీ. లోపలికి గొట్టం లేదు. వంట బయటే. 5 కేజీలది ఒకటి, రాత్రి పాలకు కెటిల్. నేల దగ్గర గ్యాస్ అలారం. ఆర్టీవో పని కూడా మొదలుపెడుతున్నాను.

ఒకే ఒక్క ప్రశ్న మిగిలింది. దారిలో తెలియని ఊళ్ళో ఖాళీది ఇచ్చి నిండుది తీసుకునేటప్పుడు ఏం చూసుకోవాలి?

సురక్ష పైపు

మూడు చూడండి. సీలు, మూత సరిగా ఉన్నాయా అన్నది మొదటిది. మూత తీసి వాల్వు లోపల నల్లటి రబ్బరు ఉంగరం ఉందో లేదో, చిట్లిందో చూడండి. లీకుల్లో చాలావాటికి కారణం అదే. అది పాడైతే అక్కడే మార్చమనండి, లేదంటే వేరే సిలిండర్ అడగండి. పరీక్ష గడువు పైన పట్టీ మీద ఒక అక్షరం, రెండంకెలుగా ఉంటుంది. ఎ అంటే మార్చి ఆఖరు, బి జూన్, సి సెప్టెంబరు, డి డిసెంబరు. బి 28 అని ఉంటే 2028 జూన్ దాకా. గడువు దాటింది ఇస్తే తీసుకోవద్దు.

తూకం కూడా అక్కడే వేయించుకోండి. తర్వాత రెగ్యులేటర్ తగిలించాక మొదటిసారి సబ్బు నీళ్ళు రాసి చూసే దాకా పొయ్యి వెలిగించకండి.

అవ్వ వంటిల్లు

ఉలవలు రాత్రంతా నానబెట్టి, నాలుగింతల నీళ్ళలో మెత్తగా ఉడికించి కట్టు వంచుకో. ఆ కట్టును చింతపండు పులుసుతో కలిపి సన్న మంట మీద సగం అయ్యేదాకా మరిగించాలి. గుప్పెడు ఉలవలు రుబ్బి అందులో కలిపితే ముద్దగా వస్తుంది. ఉప్పు కొంచెం ఎక్కువే వెయ్యమను, నిలవ ఉంటుంది. ఇదంతా ఇంట్లో పొయ్యి మీదే నాయనా, బండిలో కాదు. దారిలో వేడినీళ్ళు కలిపి పోపు పెడితే చాలు.